చంటిపిల్లలున్న ఇంట్లో బీరువా, సొరుగుల బల్ల, టీవీ వాళ్ల మీద పడకుండా గోడకు బిగించే పద్ధతి

"బీరువా అంత బరువుంటుంది కదా, రెండేళ్ల పిల్లాడు లాగితే పడుతుందా?" బిగింపు గురించి అడిగేవాళ్లలో చాలామంది మొదట అడిగేది ఇదే. పడుతుంది. బరువు ఎక్కువైనంత మాత్రాన ఏ వస్తువూ పడకుండా ఉండదు. ఆ బరువు ముందు కాళ్లకు ఎంత వెనక ఉందన్నదే లెక్క. తలుపు తెరిచినా, సొరుగు లాగినా ఆ బరువు ముందుకు జరుగుతుంది.

పిల్లలు ఏదో ఒకటి పట్టుకుని లేచి నిలబడటం మొదలుపెట్టేలోపే ఈ పని పూర్తి కావాలి. అంటే ఎనిమిదో నెల వచ్చేసరికి. గోడ మంచిదైతే ఒక్కో వస్తువుకు గంటకు మించి పట్టదు.

## 1. ముందు ఏవి బిగించాలో తేల్చుకోండి

మోకాళ్ల మీద కూర్చుని ప్రతి గదీ చూడండి. ఆ ఎత్తు నుంచి చూస్తే సొరుగుల పిడులు, రాక్ అరలు మెట్లలాగే ఉంటాయి. కనిపించినవన్నీ కాగితం మీద రాసుకోండి.

తప్పకుండా బిగించాల్సినవి:

- సొరుగులున్న ప్రతి బల్ల, నడుము ఎత్తుకు తక్కువున్నా సరే
- ఇనుప బీరువా, విడిగా నిలబడే చెక్క వార్డ్‌రోబ్
- పుస్తకాల రాక్, చెప్పుల రాక్, స్టోర్‌రూమ్‌లోని ఇనుప యాంగిల్ రాక్
- బల్ల మీద నిలబెట్టిన టీవీ, దాని కింద ఉన్న బల్ల
- విడి డ్రెస్సింగ్ టేబుల్, నిలువు అద్దం

చాలామంది దృష్టికి రానిది ఒకటుంది. ఎత్తైన సన్న స్టాండ్ మీద పెట్టిన 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్. పైన ఇరవై కిలోల నీళ్లు, కింద నాలుగు సన్న ఇనుప కాళ్లు, పిల్లల చేతికి అందే ఎత్తులో కుళాయి. దీన్ని బిగించే ప్రయత్నం వద్దు. స్టాండ్ తీసేసి, గట్టి పొట్టి పీట మీద మూలకు పెట్టండి. లేదా క్యాన్ నేల మీదే ఉంచి చేతిపంపు వాడండి.

మడతమంచం, నిచ్చెన, క్యారమ్ బోర్డు లాంటివి గోడకు ఆనించి ఉంటే మంచం కిందికి తోసేయండి, లేదా కిటికీ ఊచకు తాడుతో కట్టేయండి.

## 2. ఎందుకు పడుతుందో ఒకసారి లెక్క చూడండి

ఈ లెక్క తెలిస్తే మిగతా పనిలో ఏది ముఖ్యమో దానంతటదే అర్థమవుతుంది.

40 సెం.మీ. లోతున్న సొరుగుల బల్ల తీసుకుందాం. చట్రం 20 కిలోలు. నాలుగు సొరుగులు, బట్టలతో కలిపి ఒక్కోటి 8 కిలోలు. అన్నీ మూసి ఉన్నప్పుడు మొత్తం 52 కిలోల బరువు ముందు కాళ్లకు 20 సెం.మీ. వెనక ఉంటుంది. బల్లను వెనక్కి లాగి ఉంచే పట్టు, అంటే బరువు × దూరం, 52 × 20 = 1040.

ఒక్క సొరుగును 30 సెం.మీ. లాగితే ఆ 8 కిలోలు కాళ్లకు 10 సెం.మీ. ముందుకు వస్తాయి. పట్టు 800కు తగ్గుతుంది. 12 కిలోల పిల్లాడు ఆ సొరుగులో, కాళ్లకు 25 సెం.మీ. ముందు నిలబడితే 300 పోతుంది. బల్ల ఇంకా నిలబడే ఉంటుంది.

నాలుగు సొరుగులూ లాగారనుకోండి. మిగిలే పట్టు 80 మాత్రమే. పిల్లాడు ఎక్కితే 300 కావాలి. బల్ల బోర్లా పడుతుంది. ఆ స్థితిలో నాలుగు కిలోల బరువు వేసినా చాలు పడటానికి. పిల్లలు చేసేది సరిగ్గా అదే. కింది సొరుగు నుంచి ఒక్కోటీ లాగి మెట్లలా ఎక్కుతారు.

ఇందులోనే ఊరట కలిగించే సంగతి కూడా ఉంది. 90 సెం.మీ. ఎత్తులో గోడకు కట్టి ఉంటే, ఆ బల్లను ఆపడానికి గోడ బిగింపు మోయాల్సింది రెండున్నర కిలోల లాగుడే (తక్కువపడిన 220 ÷ 90). అదే బిగింపు 30 సెం.మీ. ఎత్తులో ఉంటే ఏడు కిలోలు దాటుతుంది. కుదుపులు, ఇద్దరు పిల్లలు ఒకేసారి ఎక్కడం కలుపుకుని ఎన్ని రెట్లు పెంచి చూసినా సరైన 8 మి.మీ. ప్లగ్గు (స్క్రూను పట్టుకోవడానికి గోడ బెజ్జంలో దూర్చే నైలాన్ గొట్టం) దాన్ని తేలిగ్గా మోస్తుంది. కాబట్టి ఖరీదైన పట్టీ కోసం వెతకనక్కర్లేదు. పట్టీ దాదాపు ఎప్పుడూ తెగదు. ఊడేవి దాని రెండు చివర్లే: గోడలో ప్లగ్గు, వస్తువులో స్క్రూ. మీ శ్రద్ధంతా ఆ రెండు చోట్ల పెట్టండి. బిగింపు ఎంత పైన ఉంటే అంత మంచిది.

## 3. గోడ ఏ రకమో తెలుసుకోండి

ఈ మెట్టు దాటేసి డ్రిల్లు పట్టుకున్నవాళ్లే తర్వాత ప్లగ్గు ఊడిందని బాధపడతారు. వస్తువు వెనక దాగిపోయే చోట ఒక చిన్న బెజ్జం వేసి, రాలే పొడి చూడండి. చాలా గోడల్లో మొదటి 12 నుంచి 20 మి.మీ. వరకు బూడిదరంగు ప్లాస్టరింగే. దాని వెనక వచ్చేదే అసలు గోడ.

ఎర్ర పొడి. ఎర్ర ఇటుక. బిగింపుకు మంచి గోడ. నైలాన్ ప్లగ్గు చాలు. ఇటుకల మధ్య సిమెంటు సందులో పడితే డ్రిల్లు ఒక్కసారిగా తేలిగ్గా దిగిపోతుంది. అప్పుడు 4 సెం.మీ. పక్కకు జరిగి మళ్లీ వేయండి.

గట్టిగా ఉన్న బూడిదరంగు పొడి. ఫ్లై యాష్ ఇటుక, లేదా సాలిడ్ సిమెంటు బ్లాకు. ఎర్ర ఇటుకకు చేసినట్టే చేయండి.

తెల్లగా, సుద్దముక్కలా మెత్తగా దిగడం. ఏఏసీ బ్లాకు, అంటే లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు బ్లాకు. ఈమధ్య కట్టిన అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా ఇదే. ఇక్కడ డ్రిల్లు హామర్ మోడ్ (తిరుగుతూనే సుత్తిలా కొట్టే పద్ధతి) వాడితే బెజ్జం గుల్లయిపోతుంది, ప్లగ్గు గిర్రున తిరుగుతుంది. హామర్ ఆపేసి మామూలు తిప్పుడుతోనే వేయండి. మామూలు ప్లగ్గు కాకుండా, ఏఏసీ కోసమే చేసిన మరచుట్ల ప్లగ్గు అడిగి తీసుకోండి. అది దొరక్కపోతే కనీసం 80 మి.మీ. పొడవైన ఫ్రేమ్ ప్లగ్గు వాడండి.

ప్లాస్టరింగ్ దాటగానే డ్రిల్లు ఆగిపోవడం. కాంక్రీటు. పిల్లర్ కావచ్చు, తలుపులు, కిటికీల పైన సుమారు 7 అడుగుల ఎత్తున ఉండే కాంక్రీటు దూలం (లింటెల్) కావచ్చు. హైదరాబాద్‌లోని చాలా టవర్లలో మైవాన్ పద్ధతిలో గోడలన్నీ కాంక్రీటుతోనే పోస్తారు, వాటికి ప్లాస్టరింగ్ కూడా ఉండదు. ఇంటి డ్రిల్లుతో కుస్తీ పట్టకండి, రోటరీ హామర్ (కాంక్రీటుకు వాడే పెద్ద డ్రిల్లు) ఉన్న మనిషిని పిలవండి. లోపల ఇనుప కడ్డీ తగిలితే దాన్ని కోయకుండా పక్కకు జరగండి.

కొంత దూరం పోయి లోపల ఖాళీలోకి జారడం. హాలో బ్లాకు లేదా జిప్సం పార్టిషన్. హాలో బ్లాకులో కాస్త పక్కకు జరిగితే గట్టి అడ్డగోడ దొరకవచ్చు. జిప్సంలో లోపలి లోహపు ఫ్రేముకు తప్ప బిగించకండి. ఫ్రేము దొరక్కపోతే వస్తువునే వేరే గోడకు మార్చండి.

మట్టి గోడ, సున్నపు గోడ, చెమ్మెక్కి పొరలు రాలుతున్న గోడ. ప్లగ్గును నమ్మవద్దు. వస్తువును ద్వారబంధం పక్కకో కిటికీ పక్కకో జరిపి, ఆ చెక్కకు గానీ గ్రిల్లుకు గానీ ఇనుప తీగతాడుతో కట్టండి. అదీ కుదరకపోతే ఎత్తైన రాక్ తీసేసి, పిల్లలు పెరిగేదాకా బట్టలు ట్రంకు పెట్టెలో పెట్టుకోవడమే క్షేమం. మూత ఒక్కసారిగా పడకుండా గొళ్లెం వేసి ఉంచాలి.

## 4. సామాను

ఒక వస్తువుకు కావాల్సినవి:

- ఇనుప ఎల్ క్లాంపులు (L ఆకారంలో వంచిన పట్టీలు) 2, చెయ్యి 40–50 మి.మీ., మందం 2 మి.మీ.
- 8 మి.మీ. నైలాన్ ప్లగ్గులు 2, పొడవు 60 నుంచి 80 మి.మీ.
- వాటికి సరిపోయే 5 మి.మీ. స్క్రూలు 2. పొడవు = ప్లగ్గు పొడవు + క్లాంపు మందం + 5 మి.మీ.
- చెక్కకైతే 4 మి.మీ. లావు, 15 మి.మీ. పొడవు స్క్రూలు 4
- ఇనుముకైతే 6 మి.మీ. బోల్టు, నట్టు, వెడల్పు వాషర్లు 2 జతలు
- సందు నింపడానికి చెక్క ముక్కలు

పనిముట్లు: హామర్ డ్రిల్లు, 8 మి.మీ. గోడ బిట్టు, 3 మి.మీ. చెక్క బిట్టు, 6.5 మి.మీ. ఇనుప బిట్టు, రసమట్టం, టేపు, పెన్సిలు, సుత్తి, స్క్రూడ్రైవర్, కళ్లద్దాలు, బెజ్జంలో పొడి ఊదడానికి సైకిల్ పంపు.

కొనకూడనివి రెండు. ఒకటి, గోడకు అంటించే స్టిక్కర్ పట్టీలు. అంటు గట్టిదే కావచ్చు, కానీ అది పట్టుకునేది గోడను కాదు, పెయింటును. లాగగానే పెయింటు పొరతో సహా వచ్చేస్తుంది. రెండు, ప్లాస్టిక్ జిప్ టై ఉన్న కిట్లు. కొన్నాళ్లకు ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి విరుగుతుంది. అమెరికాలో 2023లో ఈ కారణంగానే ఇలాంటి కిట్లను పెద్ద సంఖ్యలో వెనక్కి పిలిపించారు.

## 5. డ్రిల్లు పట్టుకునే ముందు

1. పిల్లల్ని ఇంట్లోంచి పంపించండి. సగం ఖాళీ చేసి ముందుకు జరిపిన బీరువా మామూలప్పటికంటే ప్రమాదం.
2. బీరువా మీది సూట్‌కేసులు, ఇత్తడి బిందెలు, అట్టపెట్టెలు దించేయండి. తర్వాత వాటిని మళ్లీ పైకి ఎక్కించకండి.
3. రసమట్టం పెట్టి చూడండి. నేల ముందుకు వాలి ఉంటే ముందు కాళ్ల కింద గట్టి చెక్క ముక్కలు పెట్టి మట్టం చేయండి. మడిచిన అట్ట పనికిరాదు, నెల తిరక్కుండా నలిగిపోతుంది.
4. గోడకు, వస్తువుకు మధ్య సందు కొలవండి. స్కర్టింగ్ వల్ల 1–2 సెం.మీ. ఉంటుంది. చెమ్మ, చెద రాకుండా ఆ సందు ఉండటమే మంచిది. క్లాంపు వచ్చే ఎత్తులో మాత్రం అంతే మందం చెక్క ముక్క పెట్టాలి.
5. స్విచ్ బోర్డు ఎక్కడుందో చూడండి. వైర్ల పైపులు సాధారణంగా బోర్డు నుంచి నిట్టనిలువుగా పైకో కిందికో, లేదా అడ్డంగా తిన్నగా పోతాయి. ఆ గీతలకు అటూ ఇటూ 15 సెం.మీ. వదలండి. కరెంటు బోర్డులో ఆ గదికి ఉన్న స్విచ్చు (ఎంసీబీ) ఆపేసి, డ్రిల్లుకు కరెంటు వేరే గది నుంచి తీసుకోండి.
6. గోడ అవతల బాత్‌రూమ్ ఉంటే కుళాయి, షవర్, గీజర్ ఎక్కడున్నాయో వెళ్లి చూసి రండి. వాటి నిలువు వరసలో బెజ్జం వేయకండి.

## 6. గోడవైపు బిగింపు

1. వస్తువును దాని చోట పెట్టి, క్లాంపు పట్టి గోడ మీద పెన్సిలుతో గుర్తు పెట్టండి. రెండు క్లాంపులు, రెండు అంచులకు దగ్గరగా.
2. వస్తువును పక్కకు జరపండి.
3. డ్రిల్లు బిట్టుకు ఇన్సులేషన్ టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. లోతు = ప్లగ్గు పొడవు + 10 మి.మీ.
4. మొదట హామర్ లేకుండా నెమ్మదిగా మొదలుపెట్టి, ప్లాస్టరింగ్ దాటాక హామర్ వేయండి. ఏఏసీ అయితే చివరిదాకా హామర్ లేకుండానే. డ్రిల్లు అటూ ఇటూ ఊగితే బెజ్జం వెడల్పవుతుంది.
5. పంపుతో పొడి ఊదేయండి. పొడి మిగిలితే ప్లగ్గు పూర్తిగా దిగదు, దిగినా పట్టు రాదు.
6. ప్లగ్గును సుత్తితో మెల్లగా కొట్టండి. వేలితో తోస్తేనే దిగిపోతే బెజ్జం పెద్దదైందని అర్థం. కష్టపడి దిగాలి.
7. ప్లగ్గులో కనీసం 40 మి.మీ. ఇటుకలో ఉండాలి. ప్లాస్టరింగ్‌లో ఉన్న భాగాన్ని లెక్కలోకి తీసుకోకండి.
8. క్లాంపు పెట్టి స్క్రూ బిగించండి. చివరి రెండు చుట్లు చేత్తోనే బిగిస్తే పట్టు వచ్చిందో లేదో చేతికి తెలుస్తుంది.

## 7. వస్తువువైపు బిగింపు

రెడీమేడ్ చెక్క సామాను. వెనక కనిపించే పలచటి షీటు 3 మి.మీ. మాత్రమే ఉంటుంది. దానికి స్క్రూ వేస్తే షీటు చిరిగి వస్తుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. క్లాంపును పై పలక మీద, వెనక అంచుకు దగ్గరగా పెట్టండి. ఆ పలక 16–18 మి.మీ. ఉంటుంది, 15 మి.మీ. స్క్రూ అవతలికి పొడుచుకు రాదు. ముందు 3 మి.మీ. బిట్టుతో 12 మి.మీ. లోతు బెజ్జం వేశాకే స్క్రూ తిప్పండి. పార్టికల్ బోర్డులో ఒకసారి పట్టు తప్పిన స్క్రూ మళ్లీ పట్టదు. అదే చోట లావు స్క్రూ వేయడం వృథా. బెజ్జాన్ని కింది దాకా తీసి బోల్టు, వాషర్, నట్టు వేయండి.

ఇనుప బీరువా. రేకు పలచన. స్క్రూ ఒక్కటే వేస్తే ఆ పలచటి రేకులో మరచుట్టుకు పట్టు దొరకదు. బోల్టు, నట్టే కావాలి.

1. పై అర ఖాళీ చేసి, పైరేకు లోపలివైపు చెయ్యి పెట్టి అడ్డుపట్టీ ఉందేమో చూడండి. ఉంటే బెజ్జం దాని గుండా వేయండి.
2. 6.5 మి.మీ. ఇనుప బిట్టుతో, హామర్ లేకుండా, నెమ్మదిగా వేయండి.
3. ఇనుప రజను పూర్తిగా తుడవండి, పట్టుచీరలో గుచ్చుకుంటే పోగులు లేస్తాయి. బెజ్జం అంచులకు రెడ్ ఆక్సైడ్ పూయండి, లేకపోతే మొదటి వానాకాలానికే తుప్పు మొదలవుతుంది.
4. లోపలివైపు వెడల్పు వాషర్ వేసి నట్టు బిగించండి.
5. లాకర్ జోలికి పోకండి. బెజ్జాలు దానికి దూరంగా ఉండాలి.

వాస్తు ప్రకారం నైరుతి మూలలో పెట్టిన బీరువాకు ఒక సౌకర్యం ఉంది. రెండు గోడలు అందుతాయి. వెనక గోడలో వైర్లో పైపులో ఉంటే పక్క గోడకు కూడా ఒక క్లాంపు వేసుకోవచ్చు.

బీరువా తాళంచెవులు తలుపుకే వేలాడదీయడం చాలా ఇళ్లలో అలవాటు. ఆ గలగలకే పిల్లలు వచ్చి లాగుతారు, తలుపు తెరుచుకుని బరువంతా ముందుకు వస్తుంది. తాళం వేసి చెవులు తీసేయండి.

టీవీ. గోడ బ్రాకెట్‌కు వేలాడదీయడం అన్నిటికంటే మేలు. బల్ల మీదే ఉంచాలనుకుంటే టీవీ వెనక ఉన్న నాలుగు మౌంటింగ్ బెజ్జాల్లో పై రెండింటికీ పట్టీ బిగించి గోడకు కట్టండి. స్క్రూ లావు, పొడవు ఆ మోడల్ మాన్యువల్‌లో ఉన్నట్టే ఉండాలి. పొడవైతే లోపలి భాగాలకు గుచ్చుకుంటుంది. పాత డబ్బా టీవీ ఇంకా బల్ల మీద ఉంటే ఈరోజే దించేయండి. దాని బరువంతా తెరవైపే ఉంటుంది.

ఫ్రిజ్. దీనికి ఎక్కడా బెజ్జం వేయకూడదు. చాలా మోడళ్లలో గ్యాస్ పైపులు పక్క గోడల లోపలే ఉంటాయి. చక్రాల ప్లాస్టిక్ స్టాండ్ తీసేసి, ముందు కాళ్లు రెండు చుట్లు తిప్పి ముందుభాగం లేపి, ఫ్రిజ్‌ను కొద్దిగా వెనక్కి వాల్చండి. తలుపుకు పిల్లల లాక్ పెట్టండి.

సొరుగులు. బిగించాక కూడా పిల్లల లాక్ వేయండి. బరువైన దుప్పట్లు, పుస్తకాలు కింది సొరుగుల్లో, తేలిక బట్టలు పైన. రిమోట్, బొమ్మలు, బిస్కెట్ డబ్బా ఏ ఎత్తైన వస్తువు మీదా ఉండకూడదు.

## 8. పరీక్ష

కుదిపి చూసి సరే అనుకోవద్దు. విమానప్రయాణాల కోసం కొనుక్కునే చేతి లగేజీ తూకం ఇంట్లో ఉంటే బయటికి తీయండి. సొరుగులన్నీ మూసి, వస్తువు పై భాగానికి తాడు కట్టి, తూకం కొక్కెం దానికి తగిలించి, పక్కన నిలబడి ముందువైపుకు మెల్లగా 15 కిలోలు చూపించేదాకా లాగండి. ఇంకో పెద్దవాళ్లు ఎదురుగా కాకుండా రెండో పక్క నిలబడి వస్తువును పట్టుకోవాలి.

- క్లాంపు దగ్గర కదలిక కనపడకూడదు
- ప్లగ్గు చుట్టూ ప్లాస్టరింగ్ పగలకూడదు
- పట్టీ వాడితే అది బిగుతుగా ఉండాలి. వదులుంటే వస్తువు ముందుకు ఊగి, ఆ ఊపుతోనే ప్లగ్గును పీకుతుంది.

## 9. తప్పులు, సవరణలు

స్క్రూ తిప్పుతుంటే ప్లగ్గు కూడా తిరుగుతోంది. బెజ్జం వెడల్పైంది, లేదా ఏఏసీలో మామూలు ప్లగ్గు వేశారు. అగ్గిపుల్లలు దూర్చి సర్దేయకండి. 10 మి.మీ. బెజ్జం, 10 మి.మీ. ప్లగ్గు, దానికి తగ్గ లావు స్క్రూ వేయండి. ఏఏసీలో అయితే 6 సెం.మీ. దూరంలో కొత్త బెజ్జం వేసి సరైన ప్లగ్గు వాడండి.

ప్లాస్టరింగ్ పెళ్లగా ఊడింది. గోడ లోపల బోలుగా ఉంది. చుట్టూ తట్టి చూడండి. బోలు శబ్దం వస్తే ఆ భాగం గీకించి మళ్లీ ప్లాస్టరింగ్ చేయించాలి. కనీసం వారం తడపాలి, ఆరాక బిగించాలి. అప్పటిదాకా ఆ వస్తువున్న గది తలుపు మూసి ఉంచండి.

క్లాంపు బిగిస్తుంటే బీరువా వెనక్కి వంగింది. సందులో చెక్క ముక్క పెట్టలేదు. స్క్రూ వదులుచేసి, ముక్క పెట్టి మళ్లీ బిగించండి.

చెప్పుల రాక్‌ను కింద బిగించారు. కనపడకూడదని చాలామంది ఇలా చేస్తారు. రెండో భాగంలోని లెక్క చూడండి. పైకి మార్చండి.

## 10. అద్దె ఇల్లు, విదేశంలో ఇల్లు

ఓనర్‌తో ముందే మాట్లాడండి. "గోడకు మేకులు కొడతాం" అనకుండా "ఫలానా చోట రెండు 8 మి.మీ. బెజ్జాలు, ఖాళీ చేసేటప్పుడు పూడ్చి రంగు వేయిస్తాం" అని చెబితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ససేమిరా అంటే కిటికీ గ్రిల్లుకు ఇనుప తీగతాడుతో కట్టండి, ఎత్తైన వస్తువులను పిల్లలు వెళ్లని గదికి మార్చండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు పద్ధతి వేరు. అక్కడి డ్రైవాల్ (జిప్సం పలకల గోడ) వెనక స్టడ్లు, అంటే నిలువు చెక్క దూలాలు, ఎక్కువగా 16 అంగుళాలకు ఒకటి ఉంటాయి. స్టడ్ ఫైండర్‌తో వెతికి, రెండున్నర అంగుళాల స్క్రూ నేరుగా స్టడ్‌లోకి వేయండి. డ్రైవాల్‌కే పట్టుకునే ప్లాస్టిక్ యాంకర్ల మీద ఆధారపడకండి. కార్పెట్ కింద గోడ అంచున మేకుల పట్టీ ఉంటుంది, అది వెనక కాళ్లను లేపి బల్లను ముందుకు వాలుస్తుంది. బిగించేముందు ముందు కాళ్ల కింద ఎత్తు పెట్టండి. 27 అంగుళాలు, అంతకు మించి ఎత్తున్న విడి సొరుగుల బల్లలకు స్టర్డీ చట్టం (బల్లలు పిల్లల మీద పడకుండా అమెరికా తెచ్చిన చట్టం) కింద కొత్త ప్రమాణం 2023 సెప్టెంబరు 1 తర్వాత తయారైనవాటికే వర్తిస్తుంది. ఇండియాకు తిరిగి వెళ్లేవాళ్ల దగ్గర కొన్న పాత సామానుకు ఆ భరోసా ఉండదు. కొత్తదైనా సరే, బిగించాల్సిందే.

## 11. ఆ తర్వాత

మూడు నెలలకోసారి, వానాకాలం అయ్యాక తప్పకుండా:

- స్క్రూలు, నట్లు వదులయ్యాయా
- క్లాంపు చుట్టూ చెమ్మ, తుప్పు, పగుళ్లు ఉన్నాయా
- కాళ్ల కింది చెక్క ముక్కలు కదిలాయా
- బీరువా మీదికి మళ్లీ సూట్‌కేసులు చేరాయా

పండగ సున్నాలప్పుడు పెయింటర్లు క్లాంపులు విప్పి పక్కన పెడతారు. వాళ్లు వెళ్లిన రోజే తిరిగి బిగించండి. ఇల్లు మారేటప్పుడు క్లాంపులు, బోల్టులు ఆ వస్తువుకే కవరులో కట్టి టేపు వేయండి. పాత బెజ్జాల్లోంచి ప్లగ్గు పీకి, వైట్ సిమెంటు గానీ పుట్టీ గానీ నింపి, ఆరాక గరుకు కాగితంతో రుద్దితే సరిపోతుంది. కొత్త ఇంటికి పాత ప్లగ్గులు వాడకండి, కొత్తవి కొనండి.